పొగబండీ పాతకారూ



బొగ్గు ఇంజనుకూ మోటారుకారుకూ పడదన్నది అందరూ ఒప్పుకున్న మాట. బ్రిటన్ పల్లెల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఈ కథను ఒకే తీరుగా చెబుతారు. మొదట కొండల్లోకీ పొలాల మధ్యకీ చిన్న రైలు వచ్చింది. తర్వాత బస్సొచ్చి దాని ప్రయాణికుల్ని ఎగరేసుకుపోయింది, లారీ వచ్చి సరుకును ఎత్తుకుపోయింది, చివరికి ఇంటింటికీ కారొచ్చి మిగిలిన నాలుగు సీట్లనూ ఖాళీ చేసింది. 1963 మార్చిలో సర్కారు రైల్వేల అధ్యక్షుడు డాక్టర్ బీచింగ్ నివేదిక వెలువడి, దేశంలో 2,300కు పైగా స్టేషన్లు మూసెయ్యమని లెక్క తేల్చింది. 1968 ఆగస్టు 11న ప్రధాన మార్గాల మీద సర్కారు రైల్వేల ఆఖరి పొగబండి నడిచింది. దీన్నిబట్టి, ఇవాళ సెలవురోజుల్లో నూనెమరకల చొక్కాలు తొడుక్కుని పాత ఇంజన్లకు నిప్పు రాజేసే ఔత్సాహికులంతా కారు మీద కోపంతో, గడిచిన కాలం మీద బెంగతో ఆ పని చేస్తున్నారని అనుకోవడం తేలిక. ఆ అంచనా తప్పని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం. పల్లెదారుల్లో పాత కారును రోజువారీ పనికి నడుపుకునే మనిషీ, మూతపడబోతున్న పొగబండిని బతికించుకున్న మనిషీ ఒకే కోవకు చెందినవాళ్లు. కొన్నిచోట్ల అచ్చంగా ఒకే మనిషి.

ఇందుకు వేల్స్ దేశపు పశ్చిమతీరంలో టవిన్ అనే చిన్న ఊరి దాకా వెళ్లాలి. మన మార్కాపురానికి పలక ఎలాగో, ఆ ప్రాంతానికి అలాగ ఇంటికప్పుల పలకరాయి జీవనాధారం. బ్రిన్ ఎగ్లుయిస్ అనే కొండ క్వారీ నుంచి ఆ రాతిని కిందికి దించడానికి 1860ల మధ్యలో టాలిలిన్ రైల్వే వేశారు. పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల మూడంగుళాలు, మొత్తం దారి ఏడు మైళ్ల పైచిలుకు. 1911లో దాన్ని కొన్న సర్ హెన్రీ హేడన్ జోన్స్ పార్లమెంటు సభ్యుడు. తాను బతికున్నంత కాలం రైలు నడుపుతానని మాటిచ్చి, నష్టం వచ్చినా మాట తప్పలేదు. 1946 చివర్లో క్వారీ కూలి మూతపడింది. 1948లో దేశంలోని రైల్వేలు దాదాపు అన్నీ సర్కారు చేతికి పోయినప్పుడు, ఇంత చిన్నదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడంతో ఇది మిగిలిపోయింది. ఉన్న రెండు ఇంజన్లలో ఒకటి మూలపడింది. రెండోది డోల్గోఖ్, 1866 నాటిది, అదే రోజూ ముక్కుతూ మూలుగుతూ బండి లాగేది. స్లీపర్లు పుచ్చిపోయి, పట్టాలను పట్టి ఉంచేది చెక్కా గడ్డా అన్నది చెప్పలేని స్థితి. 1950 జులై 2న సర్ హేడన్ కన్నుమూశారు. అక్కడితో ఈ కథ ముగిసి ఉండాల్సింది.

ముగియలేదు. ఆ అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లోని ఒక హోటల్లో కొందరు కూడి సంఘం పెట్టుకున్నారు. 1951 మే 14న ఆ సంఘం నడిపిన మొదటి బండి టవిన్ నుంచి కదిలింది. కూలీ తీసుకోని ఔత్సాహికుల చేతుల మీద నడిచే రైల్వే అనే తరహా ప్రపంచంలో పుట్టింది ఇక్కడే. ఇందులో రెండు సంగతులు గమనించాలి. బర్మింగ్‌హామ్ కార్ల కార్ఖానాల ఊరు, అక్కడి నుంచి టవిన్ వంద మైళ్ల పైమాటే. ఇక రెండోది తేదీ. యుద్ధకాలం నుంచీ కొనసాగుతున్న పెట్రోలు రేషన్ బ్రిటన్‌లో ఎత్తేసింది 1950 మే నెలలో, అంటే సర్ హేడన్ పోవడానికి ఐదారు వారాల ముందు. టవిన్‌కు తీరం వెంబడి పెద్ద రైలు ఉన్నమాట నిజమే, దాని మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ పారా, గునపం, స్పానర్ల పెట్టె వేసుకుని శనాదివారాలు కొండదారుల్లో ఎక్కడ పట్టా చెడితే అక్కడికి చేరే వెసులుబాటు ఇచ్చింది పెట్రోలే. వేసవిలో సముద్రపు ఒడ్డుకు సెలవులకొచ్చి, పిల్లల్ని బండెక్కించి, టికెట్టు డబ్బుతో పెట్టెలకు రంగు వేయించిన కుటుంబాలను మోసుకొచ్చినవాటిలోనూ కార్ల వాటా చిన్నదేమీ కాదు. బ్రిటన్‌లో కార్ల సంఖ్య 1950 తర్వాతి పదేళ్లలో రెండింతలు దాటింది. పొగబండ్లను కాపాడిన సంఘాలు వరసగా పుట్టుకొచ్చిందీ ఆ కాలం నుంచే. కారే పొగబండికి యముడైతే, ఈ రెండు గీతలూ ఒకే కాగితం మీద పైకి ఎగబాకడానికి కారణం చెప్పాలి.

ఆ బర్మింగ్‌హామ్ సమావేశం వెనకున్న టామ్ రోల్ట్‌ను చూస్తే ఈ సంబంధం ఇంకా తేటపడుతుంది. 1910లో పుట్టిన ఈయన స్టోక్ పట్టణంలోని కెర్ స్టువర్ట్ అనే ఇంజన్ల కార్ఖానాలో అప్రెంటిసుగా పని నేర్చుకున్నాడు. కార్ఖానా మూతపడితే కార్ల వైపు తిరిగి, హాంప్‌షైర్‌లో ఒక పల్లెరోడ్డు పక్కన గరాజ్‌లో భాగస్వామి అయ్యాడు. 1934లో మొదలైన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్‌కు మొదటితరం సభ్యుడు. ఆ క్లబ్బు పేరు గొప్పగా వినిపిస్తుంది గానీ ఉద్దేశం చాలా సాదాది. కొత్త కారు కొనే స్తోమత లేనివాళ్లు, పాతదే కొనుక్కుని, చక్కగా నడుపుకుంటూ ఆనందించాలన్నదే. రోల్ట్ కూడా 1924 నాటి ఆల్విస్ కారును అద్దాల గదిలో పెట్టి చూసుకోలేదు, రోడ్ల మీద తిప్పాడు. 1951లో టాలిలిన్‌కు మేనేజరుగా చేరినప్పుడు ఇంజన్ల కరువు తీర్చడానికి సంఘంవారు పక్కలోయలో మూతపడ్డ కోరిస్ రైల్వే ఇంజన్లు రెండింటిని ఒక్కొక్కటి 25 పౌన్లకు కొన్నారు. వాటిలో నాలుగో నంబరు ఇంజను 1921లో తయారైంది ఎక్కడో తెలుసా? రోల్ట్ పని నేర్చిన కెర్ స్టువర్ట్ కార్ఖానాలోనే. ఆల్విస్ బానెట్ ఎత్తిన మనిషి మేనేజరుగా ఉన్న రైల్వేలోనే ఆ ఇంజను మళ్లీ బతికింది. కారంటే ద్వేషం ఉన్నవాడి జీవితం కాదిది. విప్పి చూస్తే అర్థమయ్యే యంత్రమంటే, అర్థమైన యంత్రాన్ని తనే బాగుచేసుకోవడమంటే ఇష్టం ఉన్నవాడిది.

ఆ ఇష్టం ఎలాంటిదో చెప్పాలంటే పని దగ్గరికే పోవాలి. పొద్దున పది గంటలకు బండి కదలాలంటే నిప్పు పెట్టేవాడు చీకట్లోనే షెడ్డుకు చేరాలి. చేరగానే అగ్గిపుల్ల గియ్యడు. ముందు గేజ్ గ్లాసులో నీటిమట్టం చూస్తాడు. నీళ్లు లేని బాయిలరుకు నిప్పు పెట్టడం కన్నా పెద్ద నేరం ఈ వృత్తిలో లేదు. తర్వాత నిన్నటి బూడిద, గట్టిపడ్డ చిట్టెం లాగి పారేసి, చితుకులూ నూనెగుడ్డలూ వేసి, అవి అంటుకున్నాక పిడికెడు పిడికెడుగా బొగ్గు వేస్తాడు. తొందరపడితే ఒకచోట రేకు వేడెక్కి ఒకచోట చల్లగా ఉండి బాయిలరు నలిగిపోతుంది, అందుకే చిన్న ఇంజనుకైనా గంటలు పడుతుంది. ఈలోగా నూనెడబ్బా పట్టుకుని చుట్టూ తిరుగుతాడు. ఇరుసుల మీది నూనెగిన్నెల్లో ఉన్ని వత్తులుంటాయి. దీపం ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టే ఇవీ చుక్కచుక్కగా పీల్చి బేరింగుకు అందిస్తాయి. నిప్పుపెట్టె పైకప్పులో సీసం నింపిన ప్లగ్గు ఒకటి దాక్కుని ఉంటుంది. నీళ్లు ప్రమాదంగా తగ్గితే ఆ సీసం కరిగి, ఆవిరి చిమ్ముకొచ్చి, డ్రైవరును హెచ్చరిస్తుంది. కంప్యూటరు లేదు, సెన్సరు లేదు. ఏం జరుగుతోందో కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది.

ఇప్పుడు అదే ఊళ్లో ఇంకో వాకిట్లో ఒక మోరిస్ మైనర్ ఉందనుకుందాం. 1948 నుంచి 1972 దాకా తయారైన ఈ చిన్న కారు బ్రిటన్‌లో పుట్టి పది లక్షలు దాటి అమ్ముడైన మొదటి కారు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగే నర్సుల బండి అంటే చాలాకాలం ఇదే గుర్తొచ్చేది. తాళం తిప్పగానే ముందువైపు పెట్రోలు పంపు టిక్ టిక్ టిక్ మంటూ కొట్టుకుంటుంది, కార్బురేటరు నిండగానే ఆగుతుంది. టిక్కుమనకపోతే పంపులో కాంటాక్టులు అంటుకుపోయాయని తెలుసుకుని బానెట్ ఎత్తి స్పానరుతో చిన్నగా తడతారు, మళ్లీ మొదలెడుతుంది. బ్యాటరీ దిగిపోతే ముందు హ్యాండిలు పెట్టి తిప్పుకోవచ్చు. ముందుచక్రాల పివట్లకు గ్రీజుగన్నుతో వేళకు గ్రీజు కొట్టాలి, మరిచిపోతే ఒకనాడు చక్రం పక్కకు ఒరుగుతుంది. దీనిలోనే ట్రావెలర్ అనే రకానికి వెనకభాగం చట్రమంతా చెక్క. అది అలంకారం కాదు, బండి బరువు మోసే చెక్క. వానలకు పుచ్చితే బండి రోడ్డెక్కడానికి పనికిరాదు, అందుకే యజమాని మన ఇంటి తలుపులకు వేసినట్టు ఏటా వార్నిషు వేస్తాడు. పొద్దున్నే గేజ్ గ్లాసు చూసేవాడికీ ఈ టిక్కుటిక్కు వినేవాడికీ మధ్య తేడా సైజులోనే.

మరి పల్లె రైళ్లు మూతపడటంలో మోటారు పాత్ర లేనేలేదా? ఉంది. కోరిస్ రైల్వేలో ప్రయాణికుల బండి ఆపేసి బస్సులకు అప్పగించింది 1930 చివర్లోనే. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక మిగులు లారీలు చవగ్గా దొరికితే, యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు కొనుక్కుని సరుకు రవాణాలోకి దిగారు. కానీ ఆ పోటీ ఎలాంటిదో చూడండి. అప్పటి చట్టం ప్రకారం రైల్వే ఏ సరుకునూ కాదనడానికి లేదు, రేట్లు ముందే అచ్చువేసి అందరికీ చూపించాలి. లారీవాడు ఆ పట్టిక చదువుకుని, లాభమున్న సరుకును దానికన్నా అణా తక్కువకు ఎత్తుకుపోయి, లాభం లేనిదాన్ని రైలుకే వదిలేవాడు. 1938లో రైల్వే కంపెనీలు న్యాయం చెయ్యమని దేశమంతా ప్రచారం చేసినా ఫలితం తేలేలోగా యుద్ధం ముంచుకొచ్చింది. చెయ్యి కట్టేసి కుస్తీ పట్టమంటే ఓడినవాడిది బలహీనత అనలేం. ఈ చిక్కంతా మరుగునపెట్టి రైలు మంచిది, బస్సు చెడ్డది అనే సుళువు కథను జనం మనసులో నాటింది 1953లో వచ్చిన 'ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్' సినిమా. టాలిలిన్ స్ఫూర్తితోనే తీశారు. అందులో ఊరివాళ్లంతా రైలు పక్షం, బస్సు కంపెనీవాళ్లు ప్రతినాయకులు. సరదాగా ఉంటుంది, 1838 నాటి అసలు ఇంజన్నే నటింపజేశారు కూడా. సినిమాగా ముచ్చటైనదే, చరిత్రగా మాత్రం దారి తప్పించింది.

రైలు మూసేటప్పుడు పల్లెవాళ్ల మాట ఎంతమంది విన్నారన్నది ఇంకో ప్రశ్న. సస్సెక్స్‌లో లూయిస్, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఊళ్ల మధ్య రైలు మార్గాన్ని 1955లో మూసేశారు. ఆ దారిలోని ఊరామె మ్యాడ్జ్ బెస్సెమర్ పాత చట్టాలు తిరగేసి, ఈ మార్గంలో రోజూ బండ్లు నడపాలని 1870ల నాటి చట్టంలో షరతు ఉందని బయటపెట్టింది. గత్యంతరం లేక 1956 ఆగస్టులో మళ్లీ నడిపారు. అయితే చట్టంలో పేరున్న స్టేషన్లలోనే ఆపుతూ, ఎవరికీ పనికిరాని వేళల్లో. జనం దానికి మూతిముడుపు సర్వీసని అర్థమొచ్చే పేరు పెట్టారు. చట్టాన్ని మార్పించుకుని 1958లో మళ్లీ మూసేశారు. 1960 ఆగస్టులో ఆ దారిలో కొంత ముక్కను ఔత్సాహికులు బ్లూబెల్ రైల్వేగా తెరిచారు. కారు కొనుక్కున్న జనం రైలును కాదన్నారని చెప్పేవాళ్లు ఈ మూతిముడుపు బండి టైంటేబుల్ ఒకసారి చూస్తే బాగుంటుంది. ఎక్కనివ్వని బండిని ఎక్కలేదని నింద వేయడం ఎక్కడి న్యాయం?

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. అంతా బాగానే ఉంది, కానీ ఇవి నిజమైన రైళ్లా? పొలానికీ బడికీ సంతకూ పోయేవాళ్లెవరూ వీటిలో ఎక్కరు, సెలవురోజు జనమే ఎక్కుతారు, కాబట్టి ఇవి పెద్ద బొమ్మలు. ఈ మాటలో చాలావరకు సత్యముంది, ఒప్పుకోవాలి. పల్లె ప్రయాణ సమస్యను ఇవేవీ తీర్చలేదు, తీర్చలేవు. కానీ బొమ్మ అన్న మాట మాత్రం సరిపోదు. బ్రిటన్‌లో ఇవాళ ఇలాంటి రైల్వేలు 150కి పైగా ఉన్నాయి, వాటిలో జీతం లేకుండా పనిచేసేవాళ్లు 20,000 మందికి పైమాటే. బాయిలరు రివెట్లు కొట్టడం, తెల్లలోహం పోసి బేరింగు తయారుచెయ్యడం, పాత సిగ్నళ్ల తీగలు సరిచెయ్యడం కార్ఖానాల్లో చాలావరకు అంతరించిపోయాయి. అవి చేతి నుంచి చేతికి అందుతున్నది ఈ షెడ్లలోనే. సౌత్ వేల్స్‌లోని బ్యారీ ఊళ్లో తుక్కు వ్యాపారి డాయ్ వుడమ్ 297 ఇంజన్లు కొని, కొయ్యడానికి సులువని ముందు వ్యాగన్లు కొయ్యడంలో పడి ఇంజన్లను పక్కన పెట్టాడు. ఆ ఆలస్యం పుణ్యమా అని 213 ఇంజన్లు ఔత్సాహికుల చేతుల్లో బయటపడ్డాయి. సముద్రపు గాలికి ఏళ్ల తరబడి తుప్పుపట్టి, ఇత్తడి భాగాలు పోయిన కళేబరాలను మళ్లీ ఆవిరి కక్కేలా చేసినవాళ్ల పనిని బొమ్మలాట అనలేం.

కలిగినవాళ్ల సరదా కదా అన్నది రెండో ఆక్షేపణ. కొంతవరకే నిజం. లక్షల పౌన్ల కార్లున్నవాళ్లు ఉన్నారు, ఇంజనుకు వాళ్లు విరాళాలూ ఇస్తారు. అయితే రోజూ పాత కారు నడిపే పల్లెవాడికి అది ఖర్చు తగ్గించుకునే మార్గం కూడా. 40 ఏళ్లు దాటిన కారుకు అక్కడ రోడ్డు పన్ను లేదు, 2018 నుంచి చాలావాటికి ఏటా చేసే తప్పనిసరి పరీక్షా లేదు, రోజూ నడుపుకోవచ్చు. మన దేశంలో 2021లో తెచ్చిన నిబంధన దీనికి పూర్తిగా తిరగేసినది. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చు గానీ రోజువారీగా రోడ్డెక్కించకూడదు, ప్రదర్శన, ర్యాలీ లాంటివాటికే. ఒక తరం పాటు మన ఊళ్లలో పెళ్లికొడుకును ఊరేగించిన అంబాసిడర్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో రకానికి సొంత తమ్ముడు. 1957 నుంచి 2014 దాకా తయారైంది. తాలూకా కేంద్రంలో ఏ మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పి బిగించేవాడు. ఆ చేతినేర్పు కారు తిరుగుతున్నంత కాలమే బతుకుతుంది. తిప్పకూడదని రాసిపెట్టి కారును దాచుకుంటే, దాన్ని నడిపే నేర్పు పక్కనుంచి జారిపోతుంది.

రైలు విషయంలోనూ ఇదే మాట, ఒక పోలిక చూద్దాం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వేశారు, యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకేశారు, మళ్లీ 2004లో వేశారు. వేల్స్‌లో వెల్ష్ హైలాండ్ రైల్వేకూ ఇదే గతి. 1937లో మూత, 1941లో యుద్ధానికని పట్టాలు పీకుడు. కానీ తిరిగి వేసినప్పుడు దారులు వేరయ్యాయి. కోనసీమ అంచుదాకా వేసిన మార్గం సర్కారు వేసింది, దాని మీద రైలుబస్సు నడిపింది. వెల్ష్ మార్గాన్ని 1997 నుంచి దశలవారీగా వేసి 2011కి ముగించింది ఔత్సాహికుల సంఘాలు. వాళ్ల బండ్లను లాగే పెద్ద ఇంజన్లు దక్షిణాఫ్రికాలో రిటైరైనవి. వాటిలో చాలావరకు పుట్టింది మాంచెస్టర్‌లో అనుకోండి, అంటే పుట్టింటికొచ్చినట్టే. కోటిపల్లి రైలు మొదటే రవాణా కోసం వేసింది కాబట్టి రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు. అయినా ఒక తేడా ఉంది. ఒకచోట పట్టా ఉంటే చాలు, రైలున్నట్టే అనుకున్నారు. ఇంకోచోట పట్టా చెడితే శనివారం వచ్చి గడ్డి పీకే మనిషి ఉండాలని ముందే ఏర్పాటు చేసుకున్నారు. ఇంగ్లండ్‌లో పుట్టి మన తెలుగిళ్ల టీవీల్లోకి వచ్చిన థామస్ ఇంజను కథల రచయిత ఆడ్రీ పాదిరి కూడా టాలిలిన్‌లో ఇలాంటి కూలీలేని పని చేసినవాడే. ఆ అనుభవంలోంచే ఆయన పుస్తకాల్లోకి కొండ రైల్వే ఒకటి వచ్చింది. అందులోని చిన్న ఇంజన్లు కొన్నిటికి మూలరూపాలు టాలిలిన్ షెడ్డులో ఇప్పటికీ ఉన్నాయి.

ఇక చివరి ఆక్షేపణ పొగ. వాతావరణం వేడెక్కుతున్న కాలంలో బొగ్గు కాల్చి ముచ్చట తీర్చుకోవడం తగునా? దేశం మొత్తం కాల్చే ఇంధనంలో ఈ షెడ్ల వాటా అతి స్వల్పమన్నది జవాబుగా సరిపోదు. ప్రతివాడూ తనది స్వల్పమే అంటాడు. చిన్న కారు, బాగుచేసుకుంటూ నలభై ఏళ్లు నడిపితే కొత్తదాన్ని తయారుచెయ్యడానికి అయ్యే ఉక్కూ శక్తీ మిగులుతాయన్నది కొంత మేలైన జవాబు. ఇంజనుకు ఆ జవాబు వర్తించదు. అందుకే కొన్ని రైల్వేలు బొగ్గుకు బదులు మొక్కల పదార్థం కలిపిన ఇంధనపు ముద్దలు వాడి చూస్తున్నాయి. నిప్పు వాటితో సరిగా రాజుకుంటుందా లేదా అన్న వాదం షెడ్లలో ఇంకా తెగలేదు. బొగ్గు దొరకడమే కష్టమైపోయింది కూడా. ఒకప్పుడు ప్రపంచపు ఓడలెన్నిటికో బొగ్గు పంపిన వేల్స్‌లో, మెర్థిర్ టిడ్‌విల్ దగ్గరి పెద్ద గని 2023 నవంబరులో మూతపడింది. ఇప్పుడు టవిన్ దగ్గరా, బ్లూబెల్ దగ్గరా, ఇంకెన్నో చోట్లా నిప్పుపెట్టెల్లో పడే బొగ్గు చాలావరకు విదేశాల నుంచి ఓడలో రేవుకు చేరుతుంది. రేవు నుంచి షెడ్డు దాకా ఎక్కువగా లారీలో వస్తుంది.